పరిత్యాగం (విడాకుల చట్టం)

పరిత్యాగం అనగా భార్యాభర్తలలో ఒకరు, తగిన కారణం లేకుండా, రెండవవారి సమ్మతి లేకుండా లేదా వారి ఇష్టానికి విరుద్ధంగా, దాంపత్య జీవితాన్ని శాశ్వతంగా విడిచిపెట్టడం. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం విడాకులు కోరడానికి గల కారణాలలో ఇది ఒకటి. ఆ చట్టంలోని 13(1)(ఐబి) సెక్షను ప్రకారం, పిటిషను దాఖలు చేసే నాటికి కనీసం రెండు సంవత్సరాలపాటు ఈ పరిత్యాగం ఎడతెగకుండా కొనసాగి ఉండాలి.

దంపతులు కొన్ని సంవత్సరాలు వేరువేరుగా ఉంటే వివాహం దానంతట అదే రద్దయిపోతుందని తెలుగునాట చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం నిజం కాదు. ఎన్ని సంవత్సరాలు విడిగా ఉన్నప్పటికీ, కోర్టు డిక్రీ లేకుండా (లేదా చట్టం గుర్తించే కులాచారం ప్రకారం విడాకులు జరగకుండా) హిందూ వివాహం రద్దు కాదు. విడిగా ఉండటం ఒక స్థితి మాత్రమే. పరిత్యాగం రుజువు చేయవలసిన ఒక కారణం. ఈ రెంటికీ గల తేడా తెలియక రెండవ వివాహం చేసుకొని నేరస్థులైనవారు, భరణం కోల్పోయామనుకొని మిన్నకున్న స్త్రీలు అనేకులు ఉన్నారు.

చరిత్ర

శాస్త్రీయ హిందూ ధర్మం వివాహాన్ని సంస్కారంగా భావించినందున అందులో కోర్టు విడాకులకు చోటు లేదు. కొన్ని కులాలలో మాత్రం పెద్దమనుషుల సమక్షంలో విడిపోయే ఆచారం ఉండేది. భర్త విడిచిపెట్టిన భార్యకు 1946లో ఒక కేంద్ర చట్టం ద్వారా ప్రత్యేక నివాసానికి, మనోవర్తికి హక్కు లభించింది. అయితే వివాహబంధం మాత్రం అలాగే ఉండిపోయేది. కృష్ణా జిల్లా అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగం కావడంవల్ల, 1949లో వచ్చిన మద్రాసు హిందూ ద్విభార్యాత్వ నిరోధ, విడాకుల చట్టం ఇక్కడ కూడా అమలైనది.

1955 మే 18న హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది. అయితే ఆ చట్టంలో మొదట పరిత్యాగం నేరుగా విడాకులకు కారణం కాదు. రెండు సంవత్సరాలు పరిత్యాగానికి గురైనవారు మొదట న్యాయికవేర్పాటు (జుడీషియల్ సెపరేషన్) డిక్రీ పొందవలసి ఉండేది. ఆ తరువాత మరి రెండు సంవత్సరాలు కాపురం తిరిగి మొదలు కాకపోతేనే విడాకులు కోరే అవకాశం కలిగేది. అనగా కోర్టు వ్యవహారాల కాలం కాక, కనీసం నాలుగు సంవత్సరాల నిరీక్షణ తప్పేది కాదు. 1976లో వచ్చిన వివాహ చట్టాల సవరణ ఈ రెండు అంచెల పద్ధతిని తొలగించి, రెండు సంవత్సరాల పరిత్యాగాన్ని నేరుగా విడాకుల కారణంగా చేసింది. పరస్పర అంగీకార విడాకులకు సంబంధించిన 13బి సెక్షను కూడా అదే సవరణతో వచ్చింది.

పరిత్యాగంలోని అంశాలు

బిపిన్‌చంద్ర షా వర్సెస్ ప్రభావతి కేసులో (1956) సుప్రీంకోర్టు పరిత్యాగానికి కావలసిన అంశాలను వివరించింది. విడిచి వెళ్ళినవారి వైపు రెండు అంశాలు ఉండాలి.

• వాస్తవంగా విడిపోవడం.
• దాంపత్యాన్ని శాశ్వతంగా ముగించాలనే ఉద్దేశం.

విడువబడినవారి వైపు కూడా రెండు అంశాలు ఉండాలి.

• విడిపోవడానికి వారు సమ్మతించి ఉండకపోవడం.
• ఎదుటివారు ఇల్లు విడిచి వెళ్ళడానికి తగిన కారణం వారి ప్రవర్తనలో లేకపోవడం.

ఈ అంశాలు రెండు సంవత్సరాల కాలమంతా కలిసి కొనసాగాలి. వీటిని రుజువు చేసే భారం విడాకులు కోరేవారిదే. ఆ కేసులో భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. తరువాత ఆమె తిరిగి రావడానికి సిద్ధపడినప్పుడు, ఆమెను పంపవద్దని భర్త తంతి ఇచ్చాడు. ఆమెకు శాశ్వతంగా విడిచిపెట్టే ఉద్దేశం ఉన్నట్లు రుజువు కాలేదని నిర్ణయించి, సుప్రీంకోర్టు భర్త అప్పీలును కొట్టివేసింది.

ఉద్దేశానికి గల ప్రాధాన్యతను కూచిపూడి వారి భామాకలాపంతో పోల్చి సులభంగా గ్రహించవచ్చును. అందులో సత్యభామకు, కృష్ణునికి అలక వలన ఎడబాటు కలుగుతుంది. కాని సత్యభామ మాధవి చేత లేఖ పంపుతుంది, పునస్సమాగమం కోరుతుంది. ఎడబాటు ఉన్నది గాని విడిచిపెట్టే సంకల్పం లేదు. నేటి న్యాయస్థానం దృష్టిలో అటువంటి ఎడబాటు విరహమే గాని పరిత్యాగం కాదు.

ఇదే సూత్రం నిత్యజీవితంలోని ఇతర ఎడబాట్లకు కూడా వర్తిస్తుంది. ఉద్యోగం కోసం భర్త వేరే ఊరిలో ఉండటం, కాన్పు కోసం భార్య పుట్టింటిలో ఉండటం, వృద్ధులైన తల్లిదండ్రుల సేవకై ఒకరు స్వగ్రామంలో ఉండిపోవడం మొదలైనవి పరిత్యాగం కావు. అయితే మంచి ఉద్దేశంతో మొదలైన ఎడబాటు కూడా తరువాత పరిత్యాగంగా మారవచ్చును. గల్ఫ్ దేశానికి ఉద్యోగానికి వెళ్ళిన భర్త కొంతకాలానికి ఉత్తరాలు, డబ్బు, మాటలు అన్నీ మానివేసి ఇక రానని తెలియజేస్తే, ఆ ఉద్దేశం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలు లెక్కించాలి.

పరోక్ష పరిత్యాగం

ఇల్లు విడిచి వెళ్ళినవారే ఎల్లప్పుడు పరిత్యాగం చేసినవారు కారు. కట్నం కోసం వేధించి, కొట్టి, లేదా మరొక స్త్రీని ఇంటికి తెచ్చి భార్య ఉండలేని పరిస్థితి కల్పిస్తే, గడప దాటినది భార్య అయినప్పటికీ పరిత్యాగం చేసినవాడు భర్తే అవుతాడు. దీనిని పరోక్ష పరిత్యాగం అంటారు. చట్టంలోని వివరణ ప్రకారం, బుద్ధిపూర్వకంగా ఉపేక్షించడం కూడా పరిత్యాగంలోకే వస్తుంది. కనుక "తానే వెళ్ళిపోయింది" అనే ఒక్క మాటతో కేసు తేలదు. ఎందుకు వెళ్ళింది, తిరిగి పిలిచారా, పిలుపు నిజాయితీతో కూడినదా అనే విషయాలను కోర్టు పరిశీలిస్తుంది.

కాల గణన

విడాకులకు సంబంధించిన ముఖ్యమైన గడువులు ఈ విధంగా ఉన్నాయి.

• వివాహమైన ఒక సంవత్సరం లోపల విడాకుల పిటిషను వేయరాదు (సెక్షను 14). అసాధారణమైన కష్టం ఉన్నప్పుడు మాత్రం కోర్టు ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చును.
• పరస్పర అంగీకార విడాకులకు పిటిషను నాటికి కనీసం ఒక సంవత్సరం విడిగా ఉండాలి.
• పరిత్యాగం కారణంపై విడాకులకు, పిటిషనుకు ముందు వరుసగా రెండు సంవత్సరాలు గడవాలి.
• న్యాయికవేర్పాటు డిక్రీ లేదా దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీ వచ్చిన తరువాత ఒక సంవత్సరం వరకు కాపురం మొదలు కాకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చును (సెక్షను 13(1ఎ)).
• జీవించి ఉన్నట్లు ఏడు సంవత్సరాలుగా ఎటువంటి సమాచారం లేని వ్యక్తి నుండి విడాకులు కోరవచ్చును.
• క్రూరత్వం కారణానికి ఇటువంటి కాలపరిమితి లేదు. సెక్షను 14లో చెప్పిన సంవత్సరం నియమం మాత్రం వర్తిస్తుంది.

రెండు సంవత్సరాలు అనగా విడివిడి కాలాల మొత్తం కాదు. ఉదాహరణకు, 2022 జూన్‌లో విడిచి వెళ్ళిన భార్య 2023 ఉగాదికి తిరిగి వచ్చి రెండు నెలలు కాపురం చేసి మరల వెళ్ళిపోయిందనుకుందాం. అప్పుడు మొదటి తొమ్మిది నెలలు లెక్కలోకి రావు. రెండవసారి వెళ్ళిన నాటి నుండి లెక్క మరల మొదలవుతుంది. అయితే పెండ్లికో, కర్మకో వచ్చి ముఖాముఖి పలకరించుకున్నంత మాత్రాన కాపురం తిరిగి మొదలైనట్లు కాదు. అది ఆయా కేసులోని సాక్ష్యాన్ని బట్టి తేలుతుంది. గడువు పూర్తి కాకముందే, విడిచి వెళ్ళినవారు నిజాయితీతో తిరిగి వస్తామంటే పరిత్యాగం అంతటితో ముగుస్తుంది. పిటిషను వేసే హక్కు తెచ్చుకోవడం కోసం తిరిగి రానీయకుండా అడ్డుపడినవారే తరువాత దోషులుగా నిలబడే ప్రమాదం ఉన్నది.

పరస్పర అంగీకారం

ఇద్దరికీ సమ్మతమైనప్పుడు పరిత్యాగం రుజువు చేయవలసిన అవసరం లేదు. సెక్షను 13బి క్రింద ఇద్దరూ కలిసి పిటిషను వేస్తారు. ఆ తరువాత ఆరు నెలలకు తగ్గకుండా, పద్దెనిమిది నెలలకు మించకుండా, ఇద్దరూ మరల కోర్టును కోరితే విచారించి డిక్రీ ఇస్తారు. సురేష్టాదేవి వర్సెస్ ఓంప్రకాశ్ కేసులో (1991) సుప్రీంకోర్టు రెండు విషయాలు స్పష్టం చేసింది. "విడిగా ఉండటం" అంటే భార్యాభర్తలుగా జీవించకపోవడం. ఒకే కప్పు క్రింద ఉంటూ కూడా విడిగా ఉండవచ్చును. రెండవది, అంగీకారం డిక్రీ వరకు నిలవాలి. ఈ లోపల ఒకరు వెనుకకు తీసుకోవచ్చును.

ఆరు నెలల నిరీక్షణను తప్పనిసరిగా పాటించవలసిన పని లేదని అమర్‌దీప్ సింగ్ వర్సెస్ హర్వీన్ కౌర్ కేసులో 2017 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మొదటి పిటిషను నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ వంటి విషయాలు పరిష్కారమై, నిరీక్షణ వేదనను మాత్రమే పెంచుతుందని తోచినప్పుడు కోర్టు దానిని సడలించవచ్చును. ఇటువంటి కేసులలో వీడియో ద్వారా విచారణకు, దగ్గరి బంధువుల ప్రాతినిధ్యానికి కూడా అవకాశం ఇవ్వవచ్చునని ఆ తీర్పు పేర్కొన్నది. విదేశాలలో ఉన్నవారికి ఇది ఉపయోగకరం.

ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన ముఖ్యమైన తీర్పులు

టి. సరీత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య (1983): విడిగా ఉన్న భార్యను కాపురానికి రమ్మని ఆదేశించవలసిందిగా భర్త కడప సబ్ కోర్టును ఆశ్రయించాడు. ఈ వివాదం హైకోర్టుకు చేరినప్పుడు జస్టిస్ పి.ఎ. చౌదరి, దాంపత్య హక్కుల పునరుద్ధరణకు సంబంధించిన సెక్షను 9 రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఆజ్ఞతో కాపురానికి పంపడం ఆమె వ్యక్తిగత గోప్యతకు, గౌరవానికి భంగమని ఆయన అభిప్రాయం. ఈ తీర్పు దేశమంతటా చర్చనీయాంశమైనది. అయితే సరోజ్‌రాణి వర్సెస్ సుదర్శన్ కుమార్ చద్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు దీనిని తోసిపుచ్చింది. సెక్షను 9 నేటికీ చట్టంలో ఉన్నది. ఈ డిక్రీని పాటించనివారిని బలవంతంగా కాపురానికి పంపరు. అయితే ఒక సంవత్సరం తరువాత అది విడాకులకు దారి అవుతుంది.

వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి (1991): 1975లో తిరుపతిలో వివాహమైన దంపతులు 1978లో విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కోర్టులో, వివాహం కోలుకోలేనంతగా విఫలమైనదనే కారణంతో 1980లో విడాకుల డిక్రీ పొంది, 1981లో మరల వివాహం చేసుకొన్నాడు. మొదటి భార్య ద్విభార్యాత్వ నేరం క్రింద ఫిర్యాదు చేసింది. ఆ విదేశీ డిక్రీ భారతదేశంలో చెల్లదని సుప్రీంకోర్టు 1991 జూలై 9న తీర్పు ఇచ్చింది. ఏ చట్టం క్రింద వివాహం జరిగినదో ఆ చట్టం గుర్తించే కోర్టు, ఆ చట్టం గుర్తించే కారణంపై ఇచ్చిన డిక్రీయే చెల్లుతుంది. ఎదుటివారు ఆ దేశంలోనే స్థిరనివాసం ఉన్నప్పుడు, లేదా తామే ఇష్టపూర్వకంగా హాజరై వాదించినప్పుడు (ఈ రెండు సందర్భాలలోనూ కారణం వివాహ చట్టంలో ఉన్నదై ఉండాలి), లేదా డిక్రీకి అంగీకరించినప్పుడు మినహాయింపు ఉన్నది. అమెరికా వెళ్ళిన సంతానం లేని వీధి కృష్ణా డెల్టాలో అరుదు కనుక, ఈ తీర్పు ఈ ప్రాంతంవారు తప్పక తెలుసుకోదగినది.

కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప (2013): 1999 ఏప్రిల్ 25న వివాహమైన దంపతులు, రెండు రోజులకే గొడవలు వచ్చి విడిపోయారు. సికింద్రాబాదు కుటుంబ న్యాయస్థానం 2001లో విడాకులు మంజూరు చేసింది. హైకోర్టు 2006లో దానిని రద్దు చేసింది. 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వం కారణంపై విడాకులు ఇచ్చి, భార్యకు రూ. 15 లక్షల శాశ్వత భరణం చెల్లించాలని ఆదేశించింది. సుదీర్ఘకాలం విడిగా ఉండటం దానంతట అది కారణం కాకపోయినా, ఇతర అంశాలతో కలిసి మానసిక క్రూరత్వానికి ఎలా దారితీస్తుందో ఈ తీర్పు చూపుతుంది. రెండు రోజుల కాపురానికి ముగింపు పలకడానికి పదమూడు సంవత్సరాలకు పైగా పట్టింది. ఇటువంటి వివాదాలను మొదటి దశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలని కూడా సుప్రీంకోర్టు ఈ తీర్పులో కుటుంబ న్యాయస్థానాలను ఆదేశించింది.

కోలుకోలేనంతగా విఫలమైన వివాహం

దంపతులు తిరిగి కలిసే ఆశ పూర్తిగా నశించినప్పుడు, ఎవరి తప్పు అనే ప్రశ్న లేకుండా విడాకులు ఇవ్వవచ్చునని భారత లా కమిషన్ తన 71వ నివేదికలో (1978) సూచించింది. నవీన్ కోహ్లీ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా ఇదే సలహా ఇచ్చింది. మూడు సంవత్సరాలు విడిగా ఉండటాన్ని దీనికి ఆధారంగా తీసుకొనే బిల్లు 2010లో రాజ్యసభలో ప్రవేశపెట్టబడి 2013లో అక్కడ ఆమోదం పొందింది. అయితే లోక్‌సభ ఆమోదం పొందక మురిగిపోయింది. కనుక ఈ కారణం ఇప్పటికీ హిందూ వివాహ చట్టంలో లేదు.

రాజ్యాంగంలోని 142వ అధికరణం క్రింద సుప్రీంకోర్టు మాత్రం ఈ కారణంపై విడాకులు ఇవ్వవచ్చునని శిల్పా శైలేష్ వర్సెస్ వరుణ్ శ్రీనివాసన్ కేసులో 2023 మే 1న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిర్ణయించింది. ఆరు సంవత్సరాలు లేదా అంతకు మించి విడిగా ఉండటం పరిగణించదగిన అంశమని పేర్కొన్నది. ఈ అధికారం కుటుంబ న్యాయస్థానాలకు గాని, హైకోర్టులకు గాని లేదు. ఇది కోరి పొందే హక్కు కూడా కాదు. ఇందుకు నిర్మల్ సింగ్ పనేసర్ కేసు ఉదాహరణ. 1984 నుండి విడిగా ఉన్న వృద్ధ దంపతుల విషయంలో, విడాకులు పొందిన స్త్రీగా మరణించడం ఇష్టం లేదన్న భార్య మనోభావాన్ని గౌరవించి సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో భర్తకు విడాకులు నిరాకరించింది.

ఏ కోర్టులో దాఖలు చేయాలి

సెక్షను 19 ప్రకారం వివాహం జరిగిన చోట, ప్రతివాది నివసించే చోట, లేదా దంపతులు చివరిసారి కలిసి కాపురం చేసిన చోట అధికారం గల కోర్టులో పిటిషను వేయవచ్చును. 2003 సవరణ వలన, పిటిషను వేసేది భార్య అయితే తాను నివసించే చోట కూడా వేయవచ్చును.

ఒక ఊహాత్మక ఉదాహరణ: కూచిపూడిలోని వధువు ఇంట వివాహం జరిగింది. దంపతులు విజయవాడలో కాపురం పెట్టారు. కలహం తరువాత భార్య కూచిపూడిలోని పుట్టింటికి చేరింది, భర్త ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్ళాడు. భార్య కృష్ణా జిల్లాలోని కోర్టులో గాని (వివాహ స్థలము, ఆమె నివాసము), విజయవాడలో గాని, హైదరాబాదులో గాని పిటిషను వేయవచ్చును. భర్త కృష్ణా జిల్లాలో గాని విజయవాడలో గాని వేయాలి. తాను ఉంటున్న కారణంగా హైదరాబాదులో వేయడానికి అతనికి వీలు లేదు.

కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉన్నది. ఈ జిల్లా కేంద్రం మచిలీపట్నం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైనది. విజయవాడలో కుటుంబ న్యాయస్థానం ఉన్నది. కుటుంబ న్యాయస్థానం పరిధిలోకి రాని గ్రామాలవారు ఏ కోర్టులో వేయాలో జిల్లా కోర్టులో విచారించి తెలుసుకోవాలి. అప్పీళ్ళు అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళతాయి.

విచారణ క్రమం

పిటిషనులో వివాహం తేదీ, చివరిసారి కలిసి ఉన్న చోటు, విడిపోయిన తేదీ, తిరిగి కలపడానికి జరిగిన ప్రయత్నాలు వివరంగా ఉండాలి. ముందుగా లాయరు నోటీసు ఇవ్వాలని చట్టం చెప్పలేదు. అయినను, కాపురానికి రమ్మని పిలుస్తూ ఇచ్చిన నోటీసు, దానికి వచ్చిన జవాబు ఉద్దేశాన్ని రుజువు చేయడానికి తోడ్పడతాయి. ఉత్తరాలు, ఫోను సందేశాలు, డబ్బు పంపిన రసీదులు, పెద్దమనుషుల సాక్ష్యం కూడా ముఖ్యమే.

ప్రతివాదికి సమన్లు అందిన తరువాత కోర్టు మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. అది కుదరకపోతే కౌంటరు, సాక్ష్యాలు, క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు జరుగుతాయి. చిరునామా తెలియని ప్రతివాదికి కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ద్వారా నోటీసు ఇవ్వవచ్చును. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇవ్వబడుతుంది. అయితే చిరునామా తెలిసి కూడా దాచిపెట్టి పొందిన డిక్రీ తరువాత రద్దయ్యే ప్రమాదం ఉన్నది.

నోటీసు అందిన ఆరు నెలలలో విచారణ పూర్తి చేయడానికి ప్రయత్నించాలని సెక్షను 21బి చెబుతున్నది. ఆచరణలో పోటీ ఉన్న కేసులకు సంవత్సరాలు పడతాయి. డిక్రీపై అప్పీలుకు హిందూ వివాహ చట్టం 90 రోజులు, కుటుంబ న్యాయస్థానాల చట్టం 30 రోజులు గడువు ఇస్తున్నాయి. కనుక కుటుంబ న్యాయస్థానం తీర్పుపై 30 రోజులలోనే అప్పీలు వేయడం క్షేమం. అప్పీలు గడువు ముగిసిన తరువాతనే పునర్వివాహం చేసుకోవాలి.

భరణం, పిల్లలు

కేసు నడుస్తుండగా ఆదాయం లేని భార్య (లేదా భర్త) సెక్షను 24 క్రింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు కోరవచ్చును. డిక్రీ సమయంలో గాని ఆ తరువాత గాని సెక్షను 25 క్రింద శాశ్వత భరణం, సెక్షను 26 క్రింద పిల్లల సంరక్షణ గురించి కోర్టు ఆదేశాలు ఇస్తుంది. ఇవిగాక, పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనుగా ఉండి, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనుగా మారిన నిబంధన క్రింద మెజిస్ట్రేటు కోర్టులో గాని, కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట అక్కడ గాని మనోవర్తి కోరవచ్చును.

ఇక్కడ మూడు తీర్పులు గమనింపదగినవి. పరిత్యాగం కారణంపై భర్త విడాకులు పొందినప్పటికీ, తనను తాను పోషించుకోలేని భార్యకు మనోవర్తి హక్కు ఉంటుందని రోహ్తాష్ సింగ్ వర్సెస్ రామేంద్రి కేసులో (2000) సుప్రీంకోర్టు చెప్పింది. కాపురానికి వెళ్ళమనే డిక్రీ భార్యపై ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదని రీనా కుమారి కేసులో 2025 జనవరిలో పేర్కొన్నది. న్యాయికవేర్పాటు తరువాత భార్యకు, కుమార్తెకు కోర్టు ఆదేశించిన మనోవర్తి చెల్లించని భర్త, ఆ సంవత్సర కాలాన్ని చూపి విడాకులు పొందలేడని హీరాచంద్ మనగాంవ్‌కర్ కేసులో (2001) నిర్ణయించింది.

పెద్దమనుషుల కాగితాలు

గ్రామాలలో పెద్దల సమక్షంలో స్టాంపు కాగితంపై విడుదల పత్రం వ్రాసుకొని, ఇక వివాహం రద్దయినదని భావించడం నేటికీ జరుగుతున్నది. సెక్షను 29(2) కులాచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతున్నది. అయితే అటువంటి ఆచారం తమ కులంలో అనాదిగా, ఎడతెగకుండా ఉన్నదని కోర్టులో చెప్పి రుజువు చేయాలి. యమనాజీ జాదవ్ వర్సెస్ నిర్మల కేసులో (2002) సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టపరచింది. ఆచారం లేనప్పుడు ఆ కాగితం ఎంతమంది సంతకాలు చేసినా విడాకులు కాదు.

అటువంటి కాగితాన్ని గాని, గడచిన సంవత్సరాలను గాని నమ్మి చేసుకొనే రెండవ వివాహం చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను (పూర్వపు ఐపిసి 494) క్రింద అది ఏడు సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించదగిన నేరం.

ఇతర మతాలవారికి

క్రైస్తవులకు విడాకుల చట్టం, 1869 వర్తిస్తుంది. 2001 సవరణ తరువాత రెండు సంవత్సరాల పరిత్యాగం వారికి కూడా విడాకుల కారణమైనది. ముస్లిం స్త్రీలకు 1939 నాటి చట్టం ప్రకారం, భర్త ఆచూకీ నాలుగు సంవత్సరాలు తెలియకపోయినా, రెండు సంవత్సరాలు పోషణ చేయకపోయినా, తగిన కారణం లేకుండా మూడు సంవత్సరాలు దాంపత్య ధర్మాలు నెరవేర్చకపోయినా వివాహ రద్దు కోరే హక్కు ఉన్నది. ప్రత్యేక వివాహ చట్టం, 1954 క్రింద వివాహమైనవారికి కూడా పరిత్యాగం గడువు రెండు సంవత్సరాలే. షెడ్యూల్డు తెగలవారికి, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, హిందూ వివాహ చట్టం వర్తించదు.

ఉచిత న్యాయ సహాయం

న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం స్త్రీలు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకొంటే న్యాయవాదిని నియమిస్తారు. జాతీయ సహాయ ఫోను నంబరు 15100.

ఈ వ్యాసం సాధారణ అవగాహన కొరకు మాత్రమే. ప్రతి కేసు దాని వాస్తవాలపై ఆధారపడి ఉంటుంది కనుక, పిటిషను వేసే ముందు న్యాయవాదిని సంప్రదించడం అవసరం.

ఇవి కూడా చూడండి

• హిందూ వివాహ చట్టం
• విడాకులు
• మనోవర్తి
• కుటుంబ న్యాయస్థానం
• భామాకలాపం